హరికేన్ దాటాక వీధిలో ఏం చేయాలి: నేను పాటించే వరస

2017లో మరియా హరికేన్ అమెరికా కింద ఉన్న ప్యూర్టోరికో దీవిని దెబ్బతీసినప్పుడు అక్కడి ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య చాలాకాలం 64 దగ్గరే ఉండిపోయింది. మరుసటి ఏడాది జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు, తుఫాను తర్వాత నెలల్లో మామూలు కన్నా అదనంగా ఎంతమంది పోయారో లెక్క తీస్తే 2,975 అని తేలింది. పేదవాళ్లకీ, అరవై అయిదు దాటిన మగవాళ్లకీ ముప్పు ఎక్కువగా ఉందని కూడా చెప్పారు. గాలివాన తగ్గాక, కరెంటు లేని ఇళ్లలో, ఎవరూ తలుపు తట్టని ఇళ్లలో కూడా ప్రాణాలు పోతాయి. సహాయ బృందాలు వస్తాయి కానీ వాళ్లు వచ్చేలోపు ఉండేది పక్కింటివాళ్లే. అందుకే ముందు వీధి, తర్వాతే నా ఇల్లు అన్న వరసలో పని చేస్తాను. ఏళ్ల తరబడి హరికేన్లు వచ్చే తీరంలో ఉంటూ నేర్చుకున్నది ఇది.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే వెంటనే బయటికి రావద్దు. మీరున్న చోటు మీదుగా తుఫాను కన్ను దాటుతుండవచ్చు. కాసేపట్లో అవతలి దిక్కు నుంచి అంతే బలంగా మళ్లీ మొదలవుతుంది. బయటికి రావచ్చని అధికారులు చెప్పాకే మందపాటి అడుగున్న బూట్లు వేసుకుని దిగండి. తెగిన తీగ కనిపిస్తే కనీసం పది మీటర్ల దూరంలో ఆగిపోండి. అది చప్పుడు చేయకపోయినా, నిప్పురవ్వలు రాకపోయినా కరెంటు ఉందనే అనుకోవాలి. ఆ తీగ ఇనుప కంచెకు తగిలి ఉంటే కంచె మొత్తం తీగ కిందే లెక్క. మా వీధిలో ఒకసారి తీగ పడితే రెండు వైపులా దూరంగా కార్లు అడ్డంపెట్టి, పిల్లలు అటు పోకుండా వంతులవారీగా మనుషుల్ని నిలబెట్టాం. కరెంటు వాళ్లు వచ్చేదాకా అంతకు మించి ఎవరూ ఏమీ చేయకూడదు. నిలిచిన నీళ్లలోకి దిగకండి. అందులో కరెంటు ఉండొచ్చు, మురుగు ఉండొచ్చు, మూత పోయిన మ్యాన్‌హోల్ ఉండొచ్చు.

తలుపు తట్టి ఏం అడగాలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. "అంతా బాగేనా?" అని అడిగితే అందరూ "బాగానే ఉన్నాం" అనే అంటారు. ఇంకొకరికి భారం కావడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకని సూటిగా, విడివిడిగా అడగాలి. ఇంట్లో ఎంతమంది ఉన్నారు? కరెంటుతో నడిచే వైద్య పరికరం ఏదైనా ఉందా? ఫ్రిజ్‌లో పెట్టే మందులున్నాయా? మాత్రలు ఎన్ని రోజులకు వస్తాయి? తాగే నీళ్లు ఎన్ని ఉన్నాయి? గ్యాస్ వాసన వస్తోందా? దూరాన ఉన్న పిల్లల ఫోన్ నంబరు ఏమిటి?

ఇదంతా నోటుబుక్‌లో రాయండి, ఫోన్‌లో వద్దు. చార్జింగ్ అయిపోతుంది. ఇంటికో పేజీ పెట్టి, పైన ఇంటి నంబరు, కింద మనుషులు, మందులు, అవసరాలు, చివర్లో మళ్లీ ఎప్పుడు వెళ్లి చూడాలో రాస్తాను. మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఆవిడకు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు యంత్రం) లేకపోతే గడవదు. కరెంటు పోతే, గోడకు ఆనించి నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఆవిడకు సరిపోతుందనే అందరం అనుకునేవాళ్లం. మీటరు మీద ముల్లు ఎక్కడుందో, నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టుకుంటారో చూసి లెక్కేస్తే తెలిసింది, అది కొన్ని గంటలకే వస్తుంది. ఆవిడ పేజీలో ఆ గంటలు రాసి కింద గీత గీశాను. వీధిలో మొదటి జనరేటర్ ఆన్ కాగానే మొదటి వైరు ఆవిడ గదికే వెళ్లింది.

డయాలసిస్ చేయించుకునేవాళ్లుంటే ఆ రోజే వాళ్ల సెంటర్‌ను సంప్రదించాలి, సెంటర్ మూసేస్తే ఇంకెక్కడ చేస్తారో కనుక్కోవాలి. ఒక్క వంతు తప్పినా ప్రమాదమే. ఫ్రిజ్ చల్లబడటం ఆగిందని ఇన్సులిన్ పారేయకండి. చాలా రకాలు 15 నుంచి 30 డిగ్రీల మధ్య 28 రోజుల దాకా పనిచేస్తాయి. ఎండ తగలకుండా, ఇంట్లో చల్లటి చోట పెడితే చాలు. ఐసు మీద నేరుగా పెడితే గడ్డకట్టి పాడవుతుంది. మీ రకానికి గడువెంతో ఫార్మసిస్టును అడగండి.

ఎండను తక్కువ అంచనా వేయొద్దు. 2024 జులైలో బెరిల్ హరికేన్ వచ్చినప్పుడు అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, ఆ ఉక్కకు కూడా మనుషులు చనిపోయారు. వయసు పైబడినవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు ఇంకోసారి వెళ్లండి. నీళ్లు ఇచ్చి వచ్చేయకుండా తాగేదాకా పక్కన కూర్చోండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, అయోమయంగా ఉన్నా వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, తడి గుడ్డలతో ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. ఫోన్ కలవకపోతే మెసేజ్ పెట్టి చూడండి, చాలాసార్లు మెసేజ్ వెళ్తుంది.

జనరేటర్: మీ ఇంటికి దూరం, పక్కింటికీ దూరం

2020లో లారా హరికేన్ వెళ్లాక లూసియానాలోని లేక్ చార్లెస్‌లో, గ్యారేజీలో నడిచిన జనరేటర్ వల్ల ఒకే ఇంట్లోవాళ్లు పలువురు చనిపోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం దాని గుర్తులు. నిద్రలో అయితే అవి కూడా తెలియవు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా లాభం లేదు. కిటికీలకూ తలుపులకూ కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గొట్టం ఇళ్లకు ఎదురుగా లేకుండా పెట్టాలి. రెండిళ్ల మధ్య సందులో అసలు పెట్టకూడదు. మీ కిటికీ మూసే ఉంటుంది, ఉక్కపోతకు పక్కింటివాళ్లది తెరిచి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు నేను వీధంతా ఒక చుట్టు తిరిగేది దీనికోసమే. జనరేటర్ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో విని, సందులో నుంచి అనిపిస్తే తలుపు కొడతాను. ఎవరేమనుకున్నా సరే.

జనరేటర్‌ను ఇంటి గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించాలని చూడకండి. ఆ కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి వెళ్తుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. స్తంభం మీద మన కోసమే పనిచేస్తున్న లైన్‌మ్యాన్ చనిపోతాడు. పరికరాలను మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా కలపండి. పెట్రోలు పోసే ముందు మిషన్ ఆపి చల్లారనివ్వండి.

వీధికి ఒకటో రెండో జనరేటర్లుంటే పంచుకోవడం పెద్ద సమస్యేం కాదు. ముందు వైద్య పరికరాలు, తర్వాత మందుల ఫ్రిజ్, ఆ తర్వాత ఫోన్లు, చివరికి మిగతా ఫ్రిజ్‌లు. పెట్రోలు ఖర్చు అందరూ వేసుకోవాలి, ఆ మాట మొదటి రోజే తేల్చుకుంటే మనస్పర్థలు రావు.

తిండి, నీళ్లు

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు ఆగుతుంది. ఎవరి ఫ్రీజర్ ముందు కరుగుతుందో వాళ్లది ముందు వండి అందరూ కలిసి తినేయండి. గ్రిల్, బొగ్గుల పొయ్యి ఆరుబయటే. వాసన బాగుందని పాత మాంసం తినొద్దు, పెద్దవాళ్లకు గానీ చిన్నపిల్లలకు గానీ ఈ సమయంలో విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికి దారి కూడా ఉండకపోవచ్చు.

కుళాయి నీళ్లు మంచివని ప్రకటన వచ్చేదాకా కాచే తాగాలి. బుడగలు బాగా పొంగాక ఒక నిమిషం ఉంచితే చాలు. కాచే వీలు లేకపోతే, వాసన కలపని మామూలు బ్లీచ్‌ను లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టి నాలుగు చుక్కలు వేయండి. ఆయిలు, రసాయనాలు కలిసిన నీళ్లు కాచినా బ్లీచ్ వేసినా తాగడానికి పనికిరావు.

నీళ్లు దిగిన ఇల్లు

ముందు ఫొటోలు. గోడ మీద నీటి గీత, ప్రతి గది, ఫర్నిచర్, ఫ్రిజ్ వెనకున్న సీరియల్ నంబరు దాకా తీయండి. ఆ తర్వాతే తడిసిన సామాను బయటపెట్టండి. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఒక ఇంటికి ఒకరే పని చేస్తే వారం పడుతుంది, పదిమంది ఇంటింటికీ తిరిగి చేస్తే వీధంతా త్వరగా తెమిలిపోతుంది. ముసలివాళ్ల ఇంటితో మొదలుపెట్టండి. మాస్కు, గ్లవ్స్ ఉండాలి. మేకు గుచ్చుకుంటే టెటనస్ ఇంజెక్షన్ సంగతి వెంటనే చూసుకోవాలి. బ్లీచ్‌ను అమ్మోనియాతో గానీ ఇతర క్లీనర్లతో గానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

బేస్‌మెంటులో నీళ్లుంటే ఒకేసారి తోడేయాలని తొందరపడొద్దు. బయట నేలంతా నీళ్లతో బరువెక్కి గోడల్ని లోపలికి నెడుతూ ఉంటుంది. లోపలి నీళ్లు ఆ బరువును ఆపుతుంటాయి. బయటి నీళ్లు దిగాక, రోజుకు మూడో వంతు చొప్పున తోడితే గోడలు నిలుస్తాయి. ఇది ఒక్క ఇంటివాళ్లకు చెబితే సరిపోదు, పంపు అరువిచ్చే ప్రతిసారీ చెప్పండి.

విరిగి వంగి ఉన్న చెట్టును తెలియనివాళ్లు కోయకూడదు. కోయగానే ఎగిరి తన్నుతుంది.

కాగితాలు, కాంట్రాక్టర్లు

బురద ఆరకముందే తెలియని మనుషులు వచ్చి "ఈ రోజే సంతకం పెడితే రేపే కప్పు వేస్తాం" అంటారు. ఒంటరిగా ఉన్నవాళ్లను వాళ్లతో ఒంటరిగా మాట్లాడనివ్వకండి. పక్కన మీరు కూర్చోండి. లైసెన్సు చూడాలి, డబ్బంతా ముందే ఇవ్వకూడదు, ఇన్సూరెన్సు హక్కు వాళ్లకు రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఫెమాకు (విపత్తు సాయం చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ) దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఫీజు ఏమీ లేదు. విపత్తుగా ప్రకటించిన రోజు నుంచి మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. "మీకు అర్హత లేదు" అని ఉత్తరం వస్తే చాలామంది అక్కడితో వదిలేస్తారు. చాలాసార్లు దాని వెనక ఉండేది ఇన్సూరెన్సు వాళ్ల లెటరో, ఆ ఇంట్లోనే ఉంటున్నారన్న రుజువో జత చేయకపోవడమే. ఆ ఉత్తరం రెండో పేజీ దాకా చదివి, అడిగిన కాగితం పెట్టి, ఉత్తరం మీదున్న తేదీ నుంచి 60 రోజుల్లోపు అప్పీలు చేయాలి. చదవడం కష్టమైనవాళ్ల ఉత్తరాలు మీరు చదివి పెట్టండి. నోటుబుక్‌లో వాళ్ల పేజీలోనే దరఖాస్తు నంబరు, గడువు తేదీ రాసుకుని, ఆ తేదీకి వారం ముందు మళ్లీ వెళ్లి తలుపు తట్టండి.