మైలుతుత్తం నీళ్లలో అయాన్ల జంటలను పట్టుకోవడం ఎలా?

కోనసీమలో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, తెలియనివాళ్లు ఉండరు. పంటల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలపాలన్నా, చెరువులో నాచు చంపాలన్నా అదే. ఆ నీలం పలుకులు నీళ్లలో కరిగితే ఆవేశమున్న కణాలుగా, అంటే రాగి, సల్ఫేటు అయాన్లుగా విడిపోతాయి, వాటిలో కొన్ని మళ్లీ జతకడతాయి. విద్యుత్ వాహకత కొలిచి ఆ జంటలను పట్టుకునే ప్రయోగం మా ల్యాబులో ఏటా చేయిస్తాను, ఏటా ఎక్కువమంది ఒకే చోట పాడుచేస్తారు. అందుకే రాస్తున్నాను.

కావలసినవి కండక్టివిటీ మీటరు, థర్మామీటరు, 250 మి.లీ. ఫ్లాస్కులు, 25 మి.లీ. పిపెట్, డిస్టిల్డ్ వాటరు. బోరు నీళ్లు వద్దు, అందులోని బైకార్బొనేటుతో రాగి విరిగి తెల్లటి నీలంగా మసకేస్తుంది. మైలుతుత్తం ల్యాబ్ రకమే కొనండి. పలుకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే పక్కన పెట్టేయండి. అందులో నీరు కొంత పోయింది, తూకం తప్పుతుంది.

3.12 గ్రాముల మైలుతుత్తం 250 మి.లీ.లో కరిగిస్తే 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్). పోల్చి చూడడానికి ఇంకో ఫ్లాస్కులో 1.86 గ్రాముల పొటాషియం క్లోరైడు, 0.1 మోలార్. రాగి, సల్ఫేటు అయాన్లకు రెండేసి ఆవేశాలు కాబట్టి రెండు ఫ్లాస్కుల్లోనూ ఆవేశం సమానమే. ఒక్కోదాన్నీ పది రెట్లు, మళ్లీ పది రెట్లు పల్చన చేయండి. ఆరు సీసాలయ్యాయి. పల్చటి దానితో మొదలుపెట్టి చిక్కటి దానికి వెళ్లండి. తిరగేసి చేసేవాళ్లు సెల్ (మీటరులో నీళ్లలో ముంచే భాగం) ఎంత కడిగినా నాకు నమ్మకం ఉండదు.

ఇక అసలు చిక్కు ఉష్ణోగ్రత. డిగ్రీ పెరిగితే వాహకత దాదాపు 2 శాతం పెరుగుతుంది. మే నెలలో మా ల్యాబు 36 దాటుతుంది, పుస్తకాల్లో విలువలేమో 25 డిగ్రీలవి. ఇరవై శాతానికి పైగా తేడా అక్కడే వచ్చేస్తుంది. మనం వెతికే జంటలు ఆ తేడాలో కొట్టుకుపోతాయి.

"మీటరే సరిచేసుకుంటుందండీ మాస్టారూ" అంటారు పిల్లలు. చేసుకుంటుంది, కానీ ఏ ఉప్పయినా ఒకే శాతం లెక్కేసి. మైలుతుత్తం ఆ లెక్కకు లొంగదు. నీళ్లు వేడెక్కేకొద్దీ రాగి, సల్ఫేటు విడిపోతాయనుకుంటాం కదా, నిజానికి జతకట్టడం పెరుగుతుంది. అయాన్లను విడదీసి ఉంచే శక్తి వేడికి నీటిలో తగ్గుతుంది మరి. అందుకే మీటరులో ఆ దిద్దుబాటు ఆపేయండి.

చేపల మార్కెట్లో ఐసుకు కొరత లేదు. ఒక పెద్ద స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి, ఐసు ముక్కలు కొద్దికొద్దిగా వేస్తూ 25కు తెండి. ఐసు బేసిన్‌లోనే పడాలి, సీసాలో కాదు. ఒక పిల్లాడు సీసాలోనే వేశాడు ఒకసారి. సీసాలు అరగంట మునిగి ఉండాలి. థర్మామీటరు బేసిన్‌లో కాదు, ద్రావణంలో ముంచి చూడండి. సెల్ ముంచాక బుడగ ఉంటే తట్టి పోగొట్టండి, రెండు నిమిషాలు ఆగి రీడింగ్ తీయండి. మళ్లీ తీయండి. రెండూ కలవకపోతే ద్రావణం ఇంకా 25కు రాలేదన్నమాట.

0.01 మోలార్ పొటాషియం క్లోరైడు 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ చూపాలి. సెల్ స్థిరాంకం (సెల్ కొలతను వాహకతగా మార్చే గుణకం) దానితోనే సరిచూసుకోండి. డిస్టిల్డ్ వాటరు సొంత రీడింగ్ కూడా తీసి, పల్చటి సీసాల నుంచి తీసేయండి.

అన్నీ కుదిరితే పొటాషియం క్లోరైడు 12,900, 1413, 147 దరిదాపుల్లో వస్తుంది. పది రెట్లు పల్చన చేస్తే దాదాపు తొమ్మిది రెట్లు తగ్గింది. మైలుతుత్తం చూడండి: 5060, 830, 115. మొదటిసారి ఆరు రెట్లే తగ్గింది! అంటే చిక్కటి సీసాలో చాలా అయాన్లు పని మానేసి ఉన్నాయి. ప్లస్ రెండు, మైనస్ రెండు జతకడితే ఆవేశం సున్నా. నది దాటించే పంటును అటొకరు ఇటొకరు సమానంగా లాగితే అది ఏ ఒడ్డుకు పోతుంది? నీళ్లు పోసి దూరం పెంచితే జంటలు విడిపోతాయి. ఈ జంటల లెక్కను 1926లో బెరుమ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కట్టాడు.

మొత్తం తేడాను జంటల ఖాతాలో రాసేయకండి, మార్కులు పోయేది అక్కడే. జతకట్టని అయాన్లను కూడా చుట్టూ ఉన్న ఎదురు ఆవేశాలు వెనక్కి లాగుతాయి. పొటాషియం క్లోరైడులో కనిపించే కొద్ది తగ్గుదల ప్రధానంగా అదే. రెండేసి ఆవేశాలున్న అయాన్ల మధ్య ఆ లాగుడు ఇంకా ఎక్కువ. దాన్ని లెక్కగట్టి తీసేశాక మిగిలేదే జంటల వాటా.

రొయ్యల రైతులు జేబులో పెట్టుకునే పెన్ను మీటర్లతో ఈ ప్రయోగం కుదరదు. అవి కొలిచేది వాహకతే, కానీ ఏదో ఒక ఉప్పు ఉందనుకుని ఒక గుణకంతో హెచ్చించి కరిగిన ఉప్పు ఇంత అని అంకె చూపిస్తాయి. మైలుతుత్తం నీళ్లలో ఆ అంకె అబద్ధం.

మిగిలిన నీలం నీళ్లు కాలువలోకి వదలకండి, రాగి చేపలకూ రొయ్యలకూ విషం. బకెట్లో పోసి సున్నం కలపండి. నీలం ముద్ద అడుక్కి దిగుతుంది. పైనీరు తేటగా, రంగు లేకుండా అయ్యేదాకా ఉంచి, ముద్దను ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో వేయండి.