40వ స్థానం నుంచి ముందుకు: స్పెక్ట్రమ్ మీద ఫుల్ థ్రాటిల్ ఆడేదెలా

ఫుల్ థ్రాటిల్ అని వెతికితే ముందుగా తగిలేది 1995లో లూకాస్‌ఆర్ట్స్ తెచ్చిన అడ్వెంచర్ గేమ్. అందులోనూ బైకులే ఉంటాయి కాబట్టి చాలామంది ఇదేననుకుని దాన్నే దింపుకుంటారు. మనకు కావాల్సింది దానికన్నా పదకొండేళ్లు పాతది. 1984లో మైక్రోమెగా అనే బ్రిటిష్ కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే అనే ఆనాటి ఇంటి కంప్యూటర్ (48కే అంటే దాని మెమరీ, 48 కిలోబైట్లు) కోసం విడుదల చేసిన 500 సీసీ బైకు రేసు ఇది. రాసినాయన మెర్విన్ ఎస్ట్‌కోర్ట్, అంతకు ముందు ఏడాది అడవిలో చెట్ల మధ్య బైకు తోలే డెత్‌చేజ్ రాసింది కూడా ఆయనే.

అసలు మెషీన్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది చెప్పండి. మన దేశంలోనూ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మారు గానీ, ఎవరి అటక మీదైనా ఉన్నా గేమ్‌లుండే క్యాసెట్లు పాడైపోయి ఉంటాయి. కాబట్టి ఎమ్యులేటరే దిక్కు, అంటే ఇప్పటి కంప్యూటర్‌లో ఆ పాత మెషీన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్. నేను వాడేది ఫ్యూజ్, ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటిలోనూ నడుస్తుంది. తెరవగానే ఎఫ్9 నొక్కి 48కే మెషీన్ ఎంచుకోండి, తర్వాత ఎఫ్3తో గేమ్ ఫైలు తెరవండి. మామూలుగా దానంతటదే లోడ్ అవుతుంది. కాకపోతే చేత్తో చెయ్యాలి, ఇక్కడే కొత్తవాళ్లు ఇరుక్కుంటారు. లోడ్ అనే మాటను ఒక్కో అక్షరం టైపు చెయ్యక్కర్లేదు, జె నొక్కితే మాట మొత్తం స్క్రీన్ మీద పడుతుంది, ఆ తర్వాత కంట్రోల్ పట్టుకుని పి రెండుసార్లు నొక్కితే కోట్స్ వస్తాయి, ఎంటర్ కొట్టి ఎఫ్8తో టేప్ ఆన్ చేస్తే చాలు. అంచుల్లో రంగు చారలు పరిగెడుతూ కీచుమని శబ్దం వస్తుంటే కంగారు పడకండి, అది లోడ్ అవుతున్నట్టే. అప్పట్లో ఈ గోల నిమిషాల తరబడి విని, చివర్లో టేప్ మొరాయిస్తే మళ్లీ మొదటికొచ్చేవాళ్లు పాపం.

ఫోన్‌లో టచ్ స్క్రీన్ మీద మాత్రం వద్దు. కీబోర్డు అయితే ముందు నోట్‌ప్యాడ్ తెరిచి, యాక్సిలరేటర్‌కి, మలుపుకి పెట్టుకున్న కీలు ఒకేసారి నొక్కితే రెండూ పడుతున్నాయో లేదో చూసుకోండి. చవక కీబోర్డుల్లో కొన్ని కీలు కలిపి నొక్కితే ఒకటి మింగేస్తుంది, ఈ సంగతి తెలియక నేను వారం రోజులు గేమ్‌ని తిట్టుకున్నాను.

ఇక రేసు. పది ట్రాకులుంటాయి, సిల్వర్‌స్టోన్ లాంటి నిజం ట్రాకులే, ల్యాపులు ఎన్నో మీరే ఎంచుకోవచ్చు. మొదట ఒక్క ల్యాపే పెట్టుకోండి. మీరు అందరికన్నా వెనక, 40వ స్థానంలో మొదలవుతారు. పేరు చూసి అందరూ చేసే తప్పు ఏంటంటే, జెండా పడీపడగానే ఫుల్ స్పీడుతో గుంపులోకి దూరిపోవడం. ఈ గేమ్‌లో కింద పడటం, బండి పేలిపోవడం లాంటివి లేవు, కానీ ఎవరికైనా తగిలితే స్పీడు దారుణంగా పడిపోతుంది, మీరు మళ్లీ ఊపందుకునేలోపు దాటిన బైకులే మిమ్మల్ని దాటేస్తాయి. పచ్చికలోకి దిగినా స్పీడు పోతుంది గానీ తగలడం అంత నష్టం కాదు, ఎటూ తోచనప్పుడు గడ్డిలోకే వెళ్లండి.

మలుపుల్లో బైకు బయటి వైపుకి జారుతుంది. మలుపు కనిపించాక తిప్పితే ఆలస్యమే, రోడ్డు వంగడం మొదలవ్వకముందే లోపలి వైపుకి చేరి ఉండాలి. తిప్పే కీని అదేపనిగా పట్టుకోకుండా కొంచెం కొంచెం నొక్కి వదలండి. స్పెక్ట్రమ్‌లో ప్రతి 8×8 చుక్కల గడిలో రెండు రంగులే పడతాయి, అందుకే బైకుల్ని రంగు చూసి గుర్తుపట్టాలని చూడకండి, సైజు చూడండి. దూరంలో చిన్న మచ్చగా ఉన్నప్పుడే ఎడమా కుడా తేల్చుకోవాలి. అది పెద్దదయ్యాక మనసు మార్చుకుంటే తగలడం ఖాయం, నన్ను అడగండి. ఇద్దరు పక్కపక్కన పోతుంటే సందులోంచి దూరకుండా రెండు క్షణాలు యాక్సిలరేటర్ వదిలి వెనకే ఉండండి, వాళ్లు విడిపోయాక దాటొచ్చు.

ఒక దొంగ చిట్కా కూడా ఉంది. స్టార్టింగ్ లైన్ దగ్గర ఎఫ్2 నొక్కి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో గేమ్ ఎలా ఉందో అలాగే, సేవ్ చేసి పెట్టుకుంటే మెనూలన్నీ దాటకుండా ఎన్నిసార్లైనా అక్కణ్నుంచే మొదలెట్టొచ్చు, మొదటి మూడు మలుపులు చేతికి అలవాటయ్యేదాకా అదొక్కటే ఆడండి. రేసు మధ్యలో సేవ్ చేసుకుంటూ గెలిచానని మాత్రం చెప్పకండి, దానికి లెక్క లేదు. అలా సేవ్ చెయ్యకుండా ఇప్పటిదాకా ఒక్క ల్యాపులో నేను చేరింది 17వ స్థానం, 16వ వాడి వెనక చక్రాన్ని ముట్టుకోకపోతే ఇంకొంచెం పైకి వెళ్లేవాణ్ణే.