చంటిబిడ్డ నిద్ర, 3వ పాఠం: ఏడుపు ఏ దశలో మొదలవుతోంది?

కిందటి పాఠంలో బిడ్డ రోజును కాగితం మీద పెట్టడం నేర్చుకున్నాం. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పాలు తాగింది, ఎన్ని డైపర్లు తడిపింది, ఎంతసేపు పడుకుంది, ఇవన్నీ గడియారం చూసి రాసుకోమన్నాను. కనీసం మూడు రోజుల రాత మీ దగ్గరుంటేనే ఈ పాఠం పనికొస్తుంది. లేకపోతే ముందు అది పూర్తి చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇక్కడ చెప్పేదంతా నాలుగు నెలల లోపు బిడ్డల గురించే. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే, పుట్టిన రోజు నుంచి కాకుండా డాక్టర్ మొదట చెప్పిన డెలివరీ తేదీ నుంచి వయసు లెక్కపెట్టండి.

"మా పాప నిద్రపోవట్లేదండీ" అని అందరూ ఒకే మాట అంటారు. కాస్త కదిలిస్తే అందులోంచి మూడు వేర్వేరు ఫిర్యాదులు బయటపడతాయి. ఒక బిడ్డకు అసలు కన్నే మూతపడదు. ఇంకో బిడ్డ భుజం మీద హాయిగా పడుకుంటుంది, పక్క మీద వేయగానే ముళ్లు గుచ్చుకున్నట్టు లేచిపోతుంది. మరో బిడ్డ బాగానే పడుకుని అరగంటకే కళ్లు తెరుస్తుంది. మూడు ఇళ్లలోనూ వినిపించేది ఏడుపే కాబట్టి, అందరూ ఒకే మందు వెతుకుతుంటారు. అందుకే ఈ పాఠమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఏడుపు ఏ దశలో మొదలైంది? కళ్లు మూసుకోకముందా, పక్క మీద వేసినప్పుడా, కాసేపు పడుకున్నాకా?

ముందుగా ఒంట్లో బాగుందో లేదో చూడాలి

నిద్ర సంగతి ఆలోచించే ముందు ఈ పరీక్ష తప్పనిసరి. మూడు నెలల లోపు బిడ్డకు థర్మామీటర్‌లో 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే, అర్ధరాత్రి అయినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. తెల్లారే దాకా చూద్దాం అనుకోవద్దు. ఆకుపచ్చగా వాంతి చేసుకోవడం, వరసగా పాలు వద్దనడం, ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, ఒళ్లు తోటకూర కాడలా వాలిపోవడం, మాడు ఉబ్బడం, ఎప్పుడూ వినని కీచు గొంతుతో ఆగకుండా ఏడవడం కూడా అంతే. పాలు కుదురుకున్నాక రోజుకు ఆరుకన్నా తక్కువ తడి డైపర్లు వస్తుంటే పాలు చాలట్లేదేమో అని అడగాలి.

చాలామందికి తట్టని పరీక్ష ఇంకొకటి ఉంది. బిడ్డ ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తూ ఎత్తుకున్నా ఆగకపోతే, లైటు వేసి బట్టలన్నీ విప్పి చూడండి. కాలి వేళ్లను ఒక్కొక్కటే విడదీసి చూడాలి. ప్రసవం తర్వాత తల్లికి జుట్టు బాగా రాలుతుంది. అందులో ఒక వెంట్రుక సాక్సులో చేరి, వేలికి దారంలా చుట్టుకుని బిగుసుకుపోతుంది. వేలు ఎర్రగా ఉబ్బి ఉంటుంది, కానీ సాక్సు తీయకపోతే ఎవరికీ కనపడదు. చేతి వేళ్లు, మగబిడ్డ అయితే అంగం కూడా చూడాలి. వెంట్రుక తేలిగ్గా ఊడి రాకపోతే ఇంట్లో తంటాలు పడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి దశ: కన్నే మూతపడట్లేదు

ఇక్కడ కారణాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. బిడ్డకు ఆకలై ఉండొచ్చు, ఇంకా నిద్ర వేళ కాకపోయి ఉండొచ్చు, నిద్ర వేళ దాటిపోయి ఉండొచ్చు. నా లెక్కలో ఎక్కువ ఇళ్లలో జరిగేది చివరిదే. అలసిపోతే వాడే పడుకుంటాడులే అని పెద్దలకు పనికొచ్చే లెక్క చంటిబిడ్డకు వేస్తాం. చంటిబిడ్డ అలసట ముదిరితే నిద్రలోకి జారదు, పేచీలోకి దిగుతుంది.

మొదటి నెలలో ఒకసారి లేచాక ముప్పావుగంట నుంచి గంట, మహా అయితే గంటన్నర, అంతే మెలకువగా ఉండగలదు. మూడో నెలకు అది గంటన్నర నుంచి రెండు గంటల దాకా పెరుగుతుంది. ఇవి కొండగుర్తులే, చట్టాలేం కాదు. పాలు తాగే సమయం కూడా మెలకువ లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకోండి.

గడియారం కన్నా బిడ్డ మొహమే ముందు చెబుతుంది. మీ కళ్లలోకి చూస్తున్న బిడ్డ చూపు పక్కకు తిప్పేసుకుని, గోడ వైపు అలా ఉండిపోతుంది. కనుబొమల దగ్గర ఎరుపెక్కుతుంది. చేతులూ కాళ్లూ కుదుపుగా కదులుతాయి. జోకొట్టడం మొదలుపెట్టాల్సింది అప్పుడే. వెన్ను విల్లులా విరుచుకుని ఏడ్చే దాకా ఆగితే మాత్రం ఒక గంట పోయిందనే లెక్క.

ఆకలి విషయంలో "ఇప్పుడే కదా తాగింది" అన్నది సాక్ష్యం కాదు. ఈ వయసులో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. సాయంత్రం పూట గంటకోసారి అడిగే బిడ్డలు బోలెడుమంది. ఇచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఆకలైన బిడ్డ గబగబా మింగుతుంది. నిద్రొచ్చిన బిడ్డ రెండు గుక్కలు తాగి వదిలేసి మళ్లీ ఏడుస్తుంది.

ఈ మూడూ కాకుండా కూడా సాయంత్రాలు ఏడ్చే బిడ్డలున్నారు. అమెరికన్ పిల్లల డాక్టర్ బెర్రీ బ్రేజల్టన్ 1962లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డల ఏడుపు లెక్కలు ప్రచురించారు. ఏడుపు వారం వారం పెరుగుతూ ఆరో వారానికి రోజుకు దాదాపు 2 గంటల 45 నిమిషాలకు చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. ఎక్కువ భాగం సాయంత్రాలే. కాబట్టి మీది ఆరు వారాల బిడ్డ అయి, మిగతా అంతా బాగుంటే, మీరు చేస్తున్నదాంట్లో తప్పేమీ ఉండకపోవచ్చు. ఎత్తుకుని తిరుగుతూ ఆ కొన్ని వారాలు గట్టెక్కడమే పని. మీకు ఓపిక నశించి, కోపం తన్నుకొస్తుంటే బిడ్డను వెల్లకిలా పక్క మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరకు వేసి ఓ ఐదు పది నిమిషాలు బయటికి రండి. అంతసేపు ఏడ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. పట్టుకుని ఊపేస్తే మాత్రం మెదడులో రక్తస్రావం అవుతుంది.

బిడ్డకు పాలిచ్చే తల్లి కాఫీ ఎక్కువ తాగుతుంటే అదీ కాగితం మీద రాయండి. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లోంచి కెఫీన్ సగానికి తగ్గడానికే మూడు రోజులకు పైగా పడుతుంది, పెద్దలకైతే కొన్ని గంటలు చాలు. నిద్ర కోసమని జలుబు సిరప్‌ల లాంటివి మాత్రం ఒక్క చుక్క కూడా పట్టొద్దు.

రెండో దశ: పక్క మీద వేయగానే

పెద్దవాళ్లం మామూలుగా ముందు ప్రశాంతమైన నిద్రలోకి వెళ్లి, తర్వాత కలల నిద్రలోకి వస్తాం. మొదటి కొన్ని నెలల్లో బిడ్డకు ఇది తిరగబడి ఉంటుంది, చురుకైన నిద్రతోనే మొదలవుతుంది. రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదవులు వణుకుతాయి, నిద్రలోనే నవ్వుతుంది. మనం "హమ్మయ్య పడుకుంది" అనుకుని దించేది సరిగ్గా ఆ సమయంలోనే. చెయ్యి మెల్లగా పైకెత్తి వదిలి చూడండి. బిగువుగా దగ్గరికి లాక్కుంటే ఇంకా ఆగాలి. గుప్పిట విడిపోయి, చెయ్యి దానంతటదే జారిపోతే గాఢనిద్ర పట్టినట్టు.

దించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. తల వెనక్కి వాలినట్టు అనిపిస్తే బిడ్డ రెండు చేతులూ చాచి ఉలిక్కిపడుతుంది. ఆస్ట్రియన్ డాక్టర్ ఎర్న్‌స్ట్ మోరో 1918లో దీని గురించి రాశారు, అందుకే డాక్టర్లు దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. నాలుగైదు నెలలకు ఇది పోతుంది. అప్పటిదాకా బిడ్డను మీ ఒంటికి ఆనించుకునే వంగి, ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల పక్కకు తగిలేలా దించండి. చెయ్యి వెంటనే తీయకుండా కాసేపు ఛాతీ మీద ఉంచండి.

2022లో జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఏడుస్తున్న బిడ్డల గుండె వేగాన్ని కొలుస్తూ ఈ దించే ఘట్టాన్నే గమనించారు. పక్క తగలడం కన్నా తల్లి ఒంటి నుంచి విడిపోయే క్షణమే బిడ్డను ఎక్కువగా కదిలించిందని తేలింది. వాళ్లు చెప్పిన పద్ధతి ఇది: ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి, నిద్రపట్టాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోవాలి, ఆ తర్వాత దించాలి. చూసింది 21 మంది బిడ్డలనే, కాబట్టి ఇదే ఆఖరి మాట అనను. అయినా ఖర్చు లేని పని, రేపే చేసి చూడొచ్చు.

పాలు తాగించిన వెంటనే వెల్లకిలా వేస్తే పాలు పైకి తన్ని లేచే బిడ్డలూ ఉంటారు. తేన్పు రప్పించి, ఇరవై నిమిషాలు నిటారుగా భుజాన వేసుకుని తర్వాత దించండి. కక్కుతోంది కదా అని తల కింద దిండు పెట్టడం, బోర్లా పడుకోబెట్టడం మాత్రం వద్దు. కక్కే బిడ్డ కూడా వెల్లకిలాగే పడుకోవాలి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి, దిండ్లు, వదులు దుప్పట్లు, బొమ్మలు పక్కలో ఉండకూడదు. అమెరికాలో 1994 నుంచి బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూవాడా ప్రచారం చేస్తే, నిద్రలో అకస్మాత్తుగా చనిపోయే బిడ్డల సంఖ్య తర్వాతి పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. బిడ్డ మంచం మీ గదిలోనే ఉండనివ్వండి. గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటుంటే, బిడ్డ పక్కకు తిరగడానికి ప్రయత్నించిన రోజే మానేయండి.

మూడో దశ: అరగంటకే లేస్తోంది

ఈ వయసులో ఒక నిద్ర చుట్టు, అంటే చురుకైన నిద్ర, గాఢనిద్ర కలిసిన ఒక విడత, 50 నుంచి 60 నిమిషాలు. అందులో సుమారు సగం ఆ చురుకైన నిద్రే. ఆ సమయంలో బిడ్డ మూలుగుతుంది, మొహం చిట్లిస్తుంది, కళ్లు సగం తెరుస్తుంది, ఒక్క కేక వేసి ఊరుకుంటుంది. చూసేవాళ్లకు లేచిందనే అనిపిస్తుంది. ఎత్తుకున్నారో, నిజంగానే లేస్తుంది. పక్కనే నిలబడి ఒకటి రెండు నిమిషాలు ఊరికే చూడండి. ఏడుపు పెరుగుతూ పోతే ఎత్తుకోండి, తగ్గుతూ పోతే వదిలేయండి.

వేడి కూడా చూడాలి. చేతులూ కాళ్లూ చల్లగా ఉండటం చంటిబిడ్డకు సహజం, వాటిని పట్టుకుని బట్టలు పెంచకండి. మెడ వెనక వేళ్లు పెట్టి చూడండి. చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయండి.

ఒక కాగితం చదువుదాం

ఆరు వారాల బిడ్డ సాయంత్రం ఇలా రాసి ఉందనుకోండి. 4:10కి లేచింది. 4:20కి పాలు తాగింది. 5 గంటలకు చుట్టాలు వచ్చి ఎత్తుకున్నారు. 5:35కి మొహం తిప్పుకుంటోంది. 5:50కి ఏడుపు, పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసింది. 6:20కి గుక్కపట్టి ఏడుపు. 6:45కి భుజం మీద పడుకుంది. 6:50కి పక్క మీద వేస్తే లేచింది.

చాలామంది కన్ను 6:50 మీద పడుతుంది, "పక్క అలవాటు కాలేదు" అంటారు. నా వేలు 5:35 మీద ఆగుతుంది. అప్పటికి లేచి 85 నిమిషాలైంది, బిడ్డ చెప్పాల్సింది చెప్పేసింది. పాలు వదిలేసింది కాబట్టి ఆకలి కాదు. ఇది మొదటి దశ చిక్కు. పైగా భుజం మీద పడుకున్న ఐదు నిమిషాలకే దించారు, అంటే ఇంకా చురుకైన నిద్రలోనే ఉంది. రేపు మార్చాల్సింది ఒక్కటే: 5:15 కల్లా గదిలోకి తీసుకెళ్లి, లైటు తగ్గించి జోకొట్టడం. 5:50కి ఇచ్చిన పాలు గటగటా తాగేసి ఉంటే మాత్రం ఇదే కాగితాన్ని వేరేగా చదివేవాణ్ణి, చుట్టాలు ఎత్తుకునే ముందే ఇంకోసారి పాలివ్వమనేవాణ్ణి.

ఇంట్లో నలుగురూ నాలుగు చెబుతారు, నాలుగూ ఒకేరోజు చేసేస్తాం. అప్పుడు బిడ్డ పడుకున్నా దేనివల్ల పడుకుందో తెలీదు. ఒక మార్పు చేసి, మూడు రోజులు అలాగే ఉంచి, కాగితం చూసి రెండోది చేయండి.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలో ప్రతి ఏడుపు పక్కనా 1, 2, 3 అని దశ అంకె వేయండి. ఏడుపు ఎంత గట్టిగా ఉన్నా పట్టించుకోవద్దు, ఏ అంకె ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఆ దశ కింద చెప్పినవాటిలో ఒకటి ఎంచుకుని రేపటి నుంచి మొదలుపెట్టండి. రాత్రి పాల కోసం లేచినవాటికి అంకె వేయకుండా చుట్టూ గీత గీసి ఉంచండి, నాలుగో పాఠంలో వాటితోనే పని.