జూన్ ఫీజు మే నెలకే చేతిలో ఉండాలంటే

బడులు ఏటా జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో మే నెలాఖరుకు వ్యవహారం బంగారం తాకట్టు దాకా పోతుంది.

ముందు నిరుటి రశీదులన్నీ ఒకచోట పెట్టండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే గుర్తుంటుంది, లెక్క తప్పేది అక్కడే. బస్సు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, పరీక్ష ఫీజు అన్నీ రాయాలి. ఒక పిల్లకు ఫీజు 72,000, బస్సు 20,000, మిగతావి 12,000 అనుకుందాం. మొత్తం 1,04,000. ఫీజులు పెరుగుతాయి కాబట్టి పది శాతం కలిపితే 1,14,400. పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 9,600.

ఈ డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే దసరా దాటదు. బతుకమ్మ బట్టలకో, ఊరి ప్రయాణానికో కరిగిపోతుంది. బ్యాంకులో పన్నెండు నెలల ఆర్డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) తెరవండి. తేదీ చూసుకోవాలి సుమా! జూన్ 20న తెరిస్తే మళ్లీ జూన్ 20కి గానీ డబ్బు చేతికి రాదు, అప్పటికి ఫీజు గడువు దాటిపోతుంది. మే 5న తెరిస్తే మరుసటి మే 5కి వచ్చేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలయ్యే సీబీఎస్ఈ బడి అయితే ఫిబ్రవరిలో తెరవాలి. జీతం ఒకటిన పడితే వాయిదా 5న కట్ అయ్యేలా పెట్టండి. జీతం ఒకరోజు ఆలస్యమైనా వాయిదా తప్పిపోదు, జరిమానా పడదు. వడ్డీ 6.5 శాతం ఉంటే ఏడాదికి నాలుగు వేల చిల్లర వస్తుంది. నోటు పుస్తకాలూ అట్టలూ అందులోనే వెళ్లిపోతాయి.

చీటీ ఉందిగా, మేలో పాడేద్దాం అనుకునేవాళ్లు ఎక్కువ. కాలనీ చీటీలో ఉన్న ఇరవై మందిలో సగం మందికి బడిపిల్లలు ఉంటారు, అందరికీ డబ్బు కావలసింది అప్పుడే. పాట పోటాపోటీగా సాగుతుంది. లక్ష చీటీని 25,000 పోగొట్టుకుని పాడితే చేతికి వచ్చేది 75,000. వాయిదాలు మాత్రం చివరి దాకా కట్టాలి. చీటీ వేస్తే వేయండి గానీ ఫీజును దానిమీద ఆనించకండి. రిజిస్టర్ కాని చీటీ అయితే అసలే వద్దు.

మొత్తం ఫీజు ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తామని బడి చెప్తే ఒప్పుకోవచ్చు. 72,000 మీద 3,600 మిగులుతుంది, ఆర్డీ వడ్డీకి దాదాపు సమానం. ఇల్లు మారే ఆలోచన ఉంటే మాత్రం టర్మ్‌ల వారీగానే కట్టండి. మధ్యలో మానేస్తే కట్టిన ఫీజు వెనక్కి రాబట్టడం కష్టం.

రశీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు 1,50,000 మినహాయింపులోకి వస్తుంది. బస్సు, డొనేషన్ రావు. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే ఆఫీసులో తిప్పి పంపుతారు.

పుస్తకాల ఖర్చు తగ్గించాలంటే కోఠి పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలైతే ముద్రణ సంవత్సరం చూడాలి. 3, 6 తరగతుల పుస్తకాలు 2024లో, 4, 5, 7, 8 తరగతులవి 2025లో మారాయి. అంతకు ముందువి కొంటే డబ్బు దండగ.

మే నెలలో ఒక ఆదివారం పిల్లలతో పాత బ్యాగు బోర్లించండి. స్కేలు, కంపాస్, రంగు పెన్సిళ్లు సగం పైగా పనికొచ్చేవే ఉంటాయి. నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి కుట్టిస్తే రఫ్ పుస్తకం తయారు. ఏం కొనాలో జాబితా పిల్లల చేతే రాయించండి. కొట్టులో పేచీ సగం తగ్గుతుంది. యూనిఫాం జూన్‌లో రెండు జతలే తీసుకుని, మూడోది దసరా సెలవుల తర్వాత కొనండి. అప్పటికి ప్యాంటు చీలమండ పైకి ఎక్కి ఉంటుంది.