ఒకే పేరున్న పాకిస్తానీ ప్రముఖులను కలిపేయకుండా రాయడం ఎలా

పాకిస్తాన్‌కు వరసగా ఇద్దరు ప్రధానులు మహమ్మద్ అలీ పేరుతోనే వచ్చారు. 1953 ఏప్రిల్ నుంచి 1955 ఆగస్టు దాకా ఉన్నది మహమ్మద్ అలీ బోగ్రా. ఆయన దిగిపోగానే వచ్చింది చౌధరీ మహమ్మద్ అలీ. అంతకుముందు ఈయన బోగ్రా మంత్రివర్గంలోనే ఆర్థిక మంత్రి. కాబట్టి 1954 నాటి పాత కటింగ్‌లో ‘మహమ్మద్ అలీ ప్రకటన’ అని మాత్రమే ఉంటే, అది ప్రధాని మాటో ఆర్థిక మంత్రి మాటో కింద వార్త మొత్తం చదివితే గానీ తేలదు. జిన్నా పేరులోనూ మహమ్మద్ అలీ ఉంది. సినిమా పేజీ చూసేవాళ్లకైతే ఇంకొకరు: రాంపూర్‌లో పుట్టి, పాకిస్తాన్ సినిమాల్లో పెద్ద హీరో అయి, 2006లో కన్నుమూసిన మహమ్మద్ అలీ.

నేను హైదరాబాద్‌లో తెలుగు పేపరు డెస్క్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. క్రీడలు, విదేశీ వార్తలు, ఆదివారం అనుబంధం అన్నీ చూశాను. కొత్తగా చేరిన పిల్లలకు అనువాదం కంటే ముందు ఈ పేర్ల సంగతే నేర్పుతాను. క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు, పోటీ పరీక్షలకు నోట్సు రాసుకునేవాళ్లకు, వీడియోలు చేసేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

నల్లకుంటలో వెంకటేశ్వరరావు గారిల్లు ఎక్కడ అని అడగండి. ‘ఏ వెంకటేశ్వరరావు?’ అంటారు. ఇంటిపేరో ఉద్యోగమో చెబితే దారి చూపిస్తారు. పాకిస్తానీ పేర్లతో చిక్కేమిటంటే, చివర కనిపించే ఖాన్, మాలిక్, అహ్మద్ లాంటివి మన ఇంటిపేర్లలా పనిచేయవు. ఇద్దరి పేర్లలో ఖాన్ ఉన్నంత మాత్రాన వాళ్లకు చుట్టరికం ఉన్నట్టు కాదు. అందుకని పేరు పక్కన నాలుగు సంగతులు రాసుకోండి: పుట్టిన సంవత్సరం, ఊరు, చేసిన పని, తండ్రి పేరు. నాలుగూ ఎందుకంటే, వీటిలో ఏ ఒక్కటీ అన్నిచోట్లా అక్కరకు రాదు.

సంవత్సరం ఎంత పని చేస్తుందో జహంగీర్ ఖాన్ పేరులో చూడండి. ఈ పేరు వినగానే అందరికీ స్క్వాష్ గుర్తొస్తుంది. 1963లో పుట్టి, 1982 నుంచి 1991 దాకా వరసగా పది బ్రిటిష్ ఓపెన్‌లు గెలిచిన మనిషి ఆయన. కానీ 1932లో లార్డ్స్‌లో భారత్ తన మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు ఆ జట్టులోనూ ఒక జహంగీర్ ఖాన్ ఉన్నారు. 1910లో జలంధర్‌లో పుట్టిన ఫాస్ట్ బౌలర్. 1936లో కేంబ్రిడ్జి తరఫున లార్డ్స్‌లో బౌలింగ్ చేస్తుంటే ఆయన వేసిన బంతి తగిలి ఒక పిచ్చుక చనిపోయింది. ఆ పిచ్చుకను ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో దాచి ఉంచారు. విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు. పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ మాజిద్ ఖాన్ ఈయన కొడుకే. స్క్వాష్ జహంగీర్ తండ్రి రోషన్ ఖాన్, 1957 బ్రిటిష్ ఓపెన్ విజేత. పుట్టిన ఏడు, తండ్రి పేరు చూస్తే చాలు, ఇద్దరూ ఎప్పటికీ కలవరు.

ముఖ్యంగా పనే కాపాడే పేర్లూ ఉన్నాయి. మహమ్మద్ ఆసిఫ్ అలాంటిదే. దీని దగ్గర మాత్రం ఎడిషన్ టైం ఎంత ముంచుకొస్తున్నా తొందరపడొద్దని చెబుతాను. షేఖూపురాకు చెందిన ఫాస్ట్ బౌలర్ ఆసిఫ్ 2010 లార్డ్స్ టెస్టు స్పాట్ ఫిక్సింగ్ కేసులో శిక్ష అనుభవించాడు. ఫైసలాబాద్‌కు చెందిన మహమ్మద్ ఆసిఫ్ స్నూకర్ ఆటగాడు. 2012లో సోఫియాలోనూ, 2019లో అంటాల్యాలోనూ ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు. పేరు మాత్రమే టైప్ చేసి వెతికి, మొదట కనిపించిన ఫొటో పెట్టేస్తే, కష్టపడి ప్రపంచ కప్పు గెలిచిన మనిషి ముఖం కింద జైలు కథ అచ్చవుతుంది. మర్నాడు లోపలి పేజీలో చిన్న సవరణ వేస్తే ఆ మచ్చ పోదు. నేను ఇంత పట్టుపట్టేది ఇందుకే. నేరం, మరణం, అరెస్టు ఉన్న వార్తలో ముఖాన్ని రెండు వేర్వేరు చోట్ల సరిచూడకుండా పేజీకి పంపకండి.

క్రికెట్, స్నూకర్ మధ్య ఇలాంటి జంట ఇంకొకటుంది. 1994లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచింది ఒక మహమ్మద్ యూసుఫ్. 2006లో ఒకే ఏడాది 1,788 టెస్టు పరుగులు చేసింది మరో మహమ్మద్ యూసుఫ్. బ్యాట్స్‌మన్ 1998లో మొదటి టెస్టు ఆడినప్పుడు ఆయన పేరు యూసుఫ్ యోహానా. 2005లో ఇస్లాం స్వీకరించాక పేరు మారింది. పాత స్కోరుకార్డులు వెతికేటప్పుడు ఆ పేరుతోనూ చూడాలి.

జూనియర్ అన్న తోకను ఎప్పుడూ కోయకండి. 1996లో తొలి టెస్టులోనే సెంచరీ కొట్టిన మహమ్మద్ వసీం తర్వాత పాకిస్తాన్ చీఫ్ సెలెక్టర్ అయ్యారు. ఆయన సెలెక్టర్‌గా ఉండగానే, 2021లో, 2001లో పుట్టిన ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ వసీం జూనియర్ జట్టులోకి వచ్చాడు. హెడింగ్‌లో చోటు చాల్లేదని జూనియర్ తీసేస్తే ‘వసీంను ఎంపిక చేసిన వసీం’ అని పాఠకుడు తికమకపడతాడు. క్వెట్టా బాక్సర్ మహమ్మద్ వసీం వేరు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో రజతం ఆయనదే.

తెలుగులో రాసేటప్పుడు దీర్ఘాలు చూసుకోండి. 1987లో లాహోర్‌లో ఇంగ్లండ్ మీద 56 పరుగులకే 9 వికెట్లు తీసిన లెగ్ స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్. అణు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్. ఇంకో అబ్దుల్ ఖాదిర్ వికెట్ కీపర్, 1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియా మీద మొదటి టెస్టులోనే 95 చేశాడు. ఆ మ్యాచ్‌లోనే మాజిద్ ఖాన్, మన హైదరాబాదీ ఆసిఫ్ ఇక్బాల్ కూడా టెస్టుల్లో అడుగుపెట్టారు.

హైదరాబాదీ అన్నాను కాబట్టి ఊరి పేరు గురించి కాస్త నిలబడి చెప్పాలి. ఆసిఫ్ ఇక్బాల్ 1943లో ఇక్కడే పుట్టి, హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో వెళ్లి పాకిస్తాన్ కెప్టెన్ దాకా ఎదిగారు. మన ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఆయనకు మేనమామ. కానీ పాకిస్తానీ క్రికెటర్ పక్కన ‘హైదరాబాద్’ అని కనబడగానే మనవాడే అని మురిసిపోకూడదు. సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. వన్డేల్లో మొట్టమొదటి హ్యాట్రిక్‌ను జలాలుద్దీన్ 1982లో తీసింది అక్కడి నియాజ్ స్టేడియంలో, ఎల్బీ స్టేడియంలో కాదు. 1987 ప్రపంచ కప్‌లో అక్టోబరు 8న అక్కడ పాకిస్తాన్, శ్రీలంక ఆడాయి. 10న ఇక్కడ న్యూజిలాండ్, జింబాబ్వే ఆడాయి. ప్రతిసారీ సింధ్ అనో దక్కన్ అనో మీ కాగితం మీద రాసుకోండి.

ఊరు, పని రెండూ చెయ్యిచ్చేది గులాం అలీ పేరు దగ్గర. బడే గులాం అలీ ఖాన్ 1902లో కసూర్‌లో పుట్టారు. విభజన తర్వాత కొంతకాలం పాకిస్తాన్‌లో ఉండి, తిరిగి వచ్చి భారత పౌరుడయ్యారు. 1968 ఏప్రిల్‌లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే కన్నుమూశారు. ఛోటే గులాం అలీ ఖాన్‌దీ కసూరే, ఆయనదీ శాస్త్రీయ సంగీతమే. ఆయన 1986 దాకా ఉన్నారు. 1982 నాటి నికాహ్ సినిమాలో ‘చుప్కే చుప్కే’ పాడిన ఘజల్ గాయకుడు గులాం అలీ 1940లో పుట్టారు. బడే గులాం అలీ ఖాన్ మీద అభిమానంతోనే ఆయన తండ్రి కొడుక్కి ఆ పేరు పెట్టారు. తర్వాత ఆ కొడుకు బడే గులాం అలీ ఖాన్ దగ్గరే సంగీతం నేర్చుకున్నాడు. ముగ్గురికీ ముందు ఉస్తాద్ అనే రాస్తారు, కనుక ఆ గౌరవ పదమూ తేడా చూపించదు. ఇక్కడ దిక్కు సంవత్సరమే. బషీర్‌బాగ్ కథ రాస్తూ ఘజల్ గాయకుడి ఫొటో పెడితే, బతికున్న మనిషిని 1968లోనే చంపినట్టవుతుంది. 1990లలో పాకిస్తాన్‌కు వన్డేలు ఆడిన ఓపెనర్ గులాం అలీ కూడా ఉన్నాడు, ఆయనతో ఈ తంటా లేదు.

వార్తలో మొదటిసారి పేరు వచ్చినచోటే గుర్తు కూడా రావాలి: ‘స్నూకర్ ఛాంపియన్ మహమ్మద్ ఆసిఫ్’, ‘ఘజల్ గాయకుడు గులాం అలీ’. రెండో పేరా దాకా ఆగొద్దు, క్యాప్షన్‌లో అయితే మరీ ముఖ్యం. వెతికేటప్పుడు మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ మూడు రకాలుగానూ టైప్ చేసి చూడండి, మన పేపర్లలో మూడూ వాడుకలో ఉన్నాయి. ఫొటోలు దాచుకునేటప్పుడు ‘మహమ్మద్’ కింద పెట్టకండి, ఆ ఫోల్డర్‌లో సగం పాకిస్తాన్ చేరుతుంది. రెండో పేరుతో మొదలుపెట్టి, పని, ఊరు కలపండి: ఆసిఫ్ స్నూకర్ ఫైసలాబాద్, ఆసిఫ్ క్రికెట్ షేఖూపురా. ఇన్ని చూశాక కూడా ముఖం ఎవరిదో తేలకపోతే ఫొటో లేకుండానే వార్త వేయండి.