ఆకు పసుపెక్కితే యూరియా మూట విప్పకండి: అనంతపురం నేలల్లో సమస్య - పరిష్కారం

మా చేను తాడిపత్రి వైపు. రెండేళ్ల కిందట నెల రోజుల శెనక్కాయ (వేరుశనగ) పైరు ఉన్నట్టుండి పసుపు రంగుకు తిరిగింది. మందుల అంగడికి పోతే, "నత్రజని తక్కువైందిలే అన్నా, యూరియా చల్లు" అని ఒక మూట చేతిలో పెట్టారు. చల్లాం. వారం తిరిగేసరికి ఆకు ఇంకా పాలిపోయింది. తప్పు అంగడి వాళ్లదే అనను. ముందు ఏ ఆకు పసుపైందో మేమూ వంగి చూడలేదు.

సమస్య: ఆకు పసుపెక్కింది

కింది ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం అనుకోవచ్చు. అప్పుడు కూడా ఒక చెట్టు పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని చెట్టే పట్టుకుంటోంది, యూరియా ఖర్చు దండగ.

పైన లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మాకు జరిగింది ఇదే. నేలలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై అది చెట్టుకు అందక. తాడిపత్రి చుట్టూ నేలలో బండలు తేలే సంగతి అందరికీ తెలిసిందే, అదంతా సున్నపు రాయి. ఎండిన మట్టి మీద కాస్త వెనిగర్ పోస్తే నురగ వచ్చిందా, సున్నం ఉన్నట్టే. ఇలాంటి నేలలో అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్) చల్లినా మట్టి దాన్ని బంధించేస్తుంది. అందుకే ఆకు మీద కొట్టాలి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 1 కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు. వానలకు నీళ్లు నిలిచిన మడుల్లోనూ ఇదే పసుపు కనిపిస్తుంది. అక్కడ ముందు నీళ్లు బయటికి పంపండి.

సమస్య: చెట్టు బాగుంది, కాయలు తాలు

వానలు ఆగిపోతే ఎవరం ఏం చేయలేం. నేలలో పదును (తేమ) ఉండీ తాలు పోతే కాల్షియం మీద అనుమానం పెట్టుకోండి. శెనక్కాయలో ఇదో వింత: కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి పైకెళ్లి కిందికి రాదు, మట్టిలో ఊరే కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. తేలిక ఎర్రనేలల్లో అది కొరత. పూత, ఊడలు దిగే దశలో, అంటే 40-45 రోజులకు, కాల్షియం ఇచ్చే జిప్సం ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర పడేలా వేసి మట్టి ఎగదోయాలి. పదును లేనప్పుడు వేస్తే అది కరగదు.

సమస్య: వాన పడ్డాక పైన పెచ్చు కట్టి మొలక రాలేదు

ఎండిన మట్టిగడ్డ ఒకటి గ్లాసు నీళ్లలో వేయండి. నిమిషంలో బురదై కూలిపోతే మీ నేలలో జీవం తక్కువ. సాయిల్ హెల్త్ కార్డులో (ప్రభుత్వం ఇచ్చే మట్టి పరీక్ష కార్డు) సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ ఎరువూ నేలకిచ్చే కర్బనం, గడి చూడండి: 0.5 శాతం లోపు అంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ.

కారణం మన చేతిలోనే ఉంది. జొన్న కోస్తే మోడైనా మిగులుతుంది. శెనక్కాయను వేరుతో సహా పీకి, కాయ అమ్మి, కట్టె (కాయ తీసిన ఎండు చెట్టు) ఎద్దులకు వేసి, చేనుకు ఏమీ మిగల్చకుండా ఏళ్ల తరబడి అదే పంట పెట్టాం. ఎద్దులు ఉన్నన్నాళ్లు దిబ్బ ఎరువైనా తిరిగొచ్చేది. ట్రాక్టరు వచ్చాక అదీ పోయింది.

అప్పటికప్పుడు చేయగలిగింది పెచ్చు గట్టిపడకముందే తేలిగ్గా దంతె తోలడం. అసలు మందు మాత్రం పాతదే. వేసవిలో గొర్రెల మంద ఆపించుకోండి. ఎర్ర గరపకు చెరువు మట్టి తోలుకోండి, నల్లరేగడికి మాత్రం వద్దు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి ఇప్పుడు జిల్లాలో చాలామంది చేస్తున్నారు. ఒక్క ఏడాదిలో కర్బనం పెరిగిందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

సమస్య: చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు చుట్టూ తెల్లపొర

బోరు నీళ్ల ఉప్పు. మట్టితో పాటు నీళ్లూ పరీక్షకు పంపండి. ఇక్కడ డబ్బులు పోగొట్టుకునేది రెండు రకాల చౌడును ఒకటే అనుకోవడం వల్ల. ఉదజని సూచిక (pH) 8.5 దాటి, తడిస్తే బంకగా, ఆరితే రాయిలా అయ్యేది సోడియం చౌడు. దానికి ల్యాబు చెప్పినంత జిప్సం వేసి, ఆపై మంచి నీళ్లతో కడగాలి. సూచిక అంతకు తక్కువ ఉండి లవణాలు మాత్రమే ఎక్కువైతే జిప్సం పని చేయదు. గట్లు గట్టిగా వేసి వాన నీళ్లు నిలబెట్టి ఉప్పును కిందికి దించాలి.

సమస్య: కార్డుకూ చేనుకూ పొంతన లేదు

ఇది మోసం కాకపోవచ్చు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో మెట్ట భూముల్లో 10 హెక్టార్లకు, అంటే సుమారు 25 ఎకరాలకు, ఒక నమూనా తీశారు. ఆ మట్టి మీ చేనులోది కాకుండా గట్టు అవతలిది అయ్యుండొచ్చు. కాబట్టి సొంతంగా తీయండి. పంట తీశాక, ఎరువు వేయకముందు, ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, అంచు నుంచి పలచటి చెక్క తీయాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి పారేస్తూ అర కిలోకు తేవాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, దిబ్బ పెట్టిన చోట తీయొద్దు.

యూరోపియన్ యూనియన్ 2009లో దాదాపు 20 వేల చోట్ల 20 సెంటీమీటర్ల లోతు పైమట్టి తీయించి, అంతా ఒకే ల్యాబులో పరీక్ష చేయించింది. 2015లో మళ్లీ పోయినప్పుడు ఎక్కువగా పాత చోట్లకే పోయారు. చోటు, లోతు, ల్యాబు మారితే అంకె మారింది నేల మారినందుకో, పద్ధతి మారినందుకో తేలదు. మన నాలుగెకరాలకూ అదే లెక్క. మేము ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో, వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి, అవే పది చోట్ల తీస్తున్నాం. సంచిలో వేసే చీటీ పెన్సిలుతో రాయండి, సిరా చెమ్మకు చెరిగిపోతుంది.