తలనూనె వాసన రావడం ఎలా ఆగిందంటే (నా అనుభవం)

మా ఇంట్లో కొబ్బరినూనెలో గుంటగలగరాకు, మందారాకు, కరివేపాకు వేసి కాచి అమ్ముతాం. అమ్మ కాస్తుంది, నాన్న సీసాల్లో పోస్తారు, ఆర్డర్లూ తిట్లూ నావి. వానాకాలం వస్తే చాలు, మూడో వారానికల్లా సీసా అడుగున మడ్డి, పుల్లటి వాసన.

నూనె మార్చాం, గాజు సీసాలకు మారాం, విటమిన్ ఇ కూడా కలిపాం. లాభం లేదు.

అసలు దొంగ తడి. అంతకుముందు పచ్చి ఆకు రుబ్బి వేసేవాళ్లం. ఇప్పుడు కడిగిన ఆకును నీడలో గుడ్డ మీద ఆరబెడతాం, పిడికిట్లో నలిపితే పొడి అయ్యేదాకా. ముసురు పడితే నాలుగైదు రోజులు ఫ్యాను కిందే, హాల్లో నడవడానికి చోటుండదు. తర్వాత సన్న మంట మీద, చిటపట పూర్తిగా ఆగేదాకా కాస్తాం. మూత పెట్టం, పెడితే ఆవిరి నీరై మళ్లీ గిన్నెలోకే. చల్లారాక పొడి గుడ్డతో వడగట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే సీసాల్లో పోస్తాం. సీసాలు ముందురోజే కడిగి ఆరబెట్టుకోవాలి. ఒకసారి తొందరపడి తడి సీసాల్లో పోశాం, ఆ బ్యాచ్ మొత్తం పోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి, ఫిర్యాదు రాలేదు. నువ్వులనూనెతో చేసి చూడలేదు. కొన్న నూనే పాతదైతే మాత్రం ఇది పనిచేయదు.